మా బస్సెక్కిన రైలక్క

ఆ కబురు మొదట నాకు చెప్పింది మా బస్సు కండక్టరు ఓబులేసు. రోజూ అయితే నేను మెట్టు మీద కాలు పెట్టీ పెట్టకముందే విజిల్ వేసేస్తాడు. ఆ పొద్దు వేయలేదు. మా ఊరి స్టాపులో బస్సు ఆగగానే తలుపు దగ్గర నిలబడి, "యక్కా, రైలక్క పోయింది" అన్నాడు.

"యాడికి పోయింది?" అన్నాను.

"యాడికేంది యక్కా! నిన్న సాయంత్రం గుండె పట్టుకొని కూర్చున్నాదంట. ఆసుపత్రికి తీసకపోయే లోపలే అయిపాయ."

ఎక్కి కూర్చున్నాను. చేతులు జోడించి స్వామిని తలుచుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఆ నీళ్లు కిందికి జారకముందే చెవులు పనిచేయడం మొదలుపెట్టాయి. ముందు సీట్లో ఇద్దరు ఆమె మాటే మాట్లాడుకుంటున్నారు. వెనక ఒకామె ముక్కు చీదుతోంది. డ్రైవరు కూడా తల వెనక్కి తిప్పి, "మంచి మనిషప్పా" అన్నాడు. ఇది నా బస్సు. పెళ్లయి ఈ ఊరికి వచ్చి, మా ఆయన మగ్గం ఆగి, కొలువుకు పోవడం మొదలుపెట్టిన నాటి నుంచి నేను పోతున్న బస్సు. రైల్లో పోయే మనిషి కోసం నా బస్సంతా ఏడుస్తోంది. ఒకసారి నాకు జ్వరమొచ్చి వారం రోజులు రాకపోతే వీళ్లంతా అడిగింది ఒక్కటే మాట, "ఏమక్కా, నల్లబడినావే" అని.

ఆమె పేరు ఇక్కడ రాయను. ధర్మవరం నుంచి అనంతపురం దాకా అందరి నోళ్లలో ఉంది కదా, అది చాలు ఆమెకు. నేను కూడా రైలక్క అనే అంటాను.

బొద్దుగా ఉండేది. ఎడమచేతి మణికట్టుకు ఎప్పుడూ పట్టుపోగులు చుట్టుకొని ఉండేవి, గాజులతో పాటు అవి కూడా సొమ్ములే అన్నట్టు. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మోచేయి పట్టుకునేది. చెప్పేది పూర్తయ్యేదాకా వదిలేది కాదు. నవ్వితే కళ్లు రెండూ మూతపడేవి, ఆ నవ్వు ఎవరి మీదకు పోతోందో చూసుకోకుండానే నవ్వేది. ఎంత ఇరుకున్నా, ఎవరు వచ్చి నిలబడినా, "జరగండమ్మే" అనేది. ఆ ఒక్క మాటకు బల్ల మీదున్న వాళ్లంతా జరిగేవాళ్లు. నేను అదే మాట ఎంతో మర్యాదగా, "కొంచెం జరుగుతారా అమ్మా" అని అంటే, "యాడికి జరగల్ల?" అని అడిగేవాళ్లు.

పూజ లేదు, ఒక్కపొద్దు లేదు. శనివారం పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తిని, బజ్జీ కొరుకుతూ వచ్చేది. నేను శనివారాలు ఒంటిపూట ఉండేదాన్ని. స్వామి నాకేమీ తక్కువ చేయలేదు, ఆ మాట అనకూడదు. కానీ మనుషులను మాత్రం ఎంచి ఎంచి ఆమెకే ఇచ్చాడు.

మొదట్లో ఆమె కూడా మా బస్సే ఎక్కేది. ధర్మవరంలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు గుంపుగా ఎక్కేవాళ్లు. అందరూ అనంతపురంలో బట్టల అంగళ్లలో పనిచేసేవాళ్లే. నేనూ అట్లాంటి అంగట్లోనే చీరలకు ఫాల్ కుట్టి, కుచ్చులు కడతాను. దారి మధ్యలో మా ఊళ్లో నేను ఎక్కేసరికి కిటికీ పక్కన టిఫిన్ క్యారియర్ సంచి పెట్టి నాకు సీటు పట్టేవాళ్లు. శుక్రవారాలు నేను స్టీలు డబ్బాలో శనగ గుగ్గిళ్లు తెచ్చి, తలా ఒక పిడికెడు పెట్టేదాన్ని. లోగొంతుకతో నామాలు చెప్పుకుంటుంటే వాళ్లలో రామాంజినమ్మ అందుకునేది. ఆమె వెనక మిగిలినవాళ్లు. ఆ బస్సు నాకు దేవుడిచ్చిన చిన్న గుడి అనుకునేదాన్ని.

తర్వాత రోడ్డు చెడింది. గుంతలంటే గుంతలు ఎప్పుడూ ఉన్నవే. బండ్లు పెరిగాయి. అనంతపురం ఊరు మొదట్లోకి వచ్చేసరికి ఆటోలు, కాలేజీ బస్సులు, మోటారు సైకిళ్లు, కార్లు, గడ్డి ట్రాక్టర్లు అన్నీ ఒకదాని మూతి ఒకటి నాకుతూ నిలబడేవి. ఒకరోజు అట్లా నిలబడిపోయినప్పుడు రైలక్క కిటికీలోంచి తల బయట పెట్టి చూసింది.

"అదో ఆ కారు చూడండమ్మే. మంచమంత ఉండాది. లోపల ఒక్కడే ఉండాడు. వాని మంచం వాడు నెత్తిన పెట్టుకొని ఊరంతా తిరుగుతాండాడు."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులోనే పక్కన కట్ట మీద ప్యాసింజరు రైలు వచ్చింది. అక్కడ రోడ్డూ రైలుకట్టా కొంతదూరం పక్కపక్కనే పోతాయి. రైలు మమ్మల్ని దాటుకొని, ఎవరినీ అడగకుండా, ఎవరికీ దండం పెట్టకుండా ఊళ్లోకి పోయింది. ఆమె నవ్వు ఆపి దాన్నే చూసింది.

మరుసటి రోజు బస్సులో ఆమె లేదు.

వారం తిరక్కుండా రామాంజినమ్మను తీసుకుపోయింది. తర్వాత ఇంకొకామెను. ఏమి చెప్పి తీసుకుపోతోందో రామాంజినమ్మే ఒక సాయంత్రం బస్టాండులో కనపడి చెప్పింది.

"రైల్లో కుచ్చులు కట్టొచ్చక్కా! కొంగును కిటికీ చువ్వకు కట్టేసుకుంటే చాలు. అదరదు, బెదరదు. ఊరొచ్చేలోపల ఒక కొంగు అయిపోతాండాది. అంగట్లో పని అంగట్లోనే, దోవలో పని దోవలోనే."

కుచ్చులంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. పట్టుచీర కొంగు చివర వేలాడే పోగులను కొన్ని కొన్నిగా తీసి, అరచేతుల మధ్య పురిపెట్టి, ముడివేసి, అందంగా వేలాడదీయాలి. చెయ్యి ఒక్కసారి అదిరితే ముడి పైకో కిందికో పోతుంది, చీర అందం చెడుతుంది. మా బస్సులో అది కుదరని పని. ధర్మవరంలో కుచ్చులు కట్టడం వచ్చిన ఏ ఆడదైనా దోవలో ఒక కొంగు పూర్తవుతుందంటే బస్సులో ఎందుకు కూర్చుంటుంది? న్యాయమే. న్యాయం కాబట్టే నాకు ఇంకా మండింది.

"నువ్వు కూడా రా అక్కా" అంది రామాంజినమ్మ.

"మా ఊరికి రైలు తెచ్చి పెట్టమను మీ రైలక్కను. వస్తాను."

మా ఊరి దగ్గర పట్టాలు లేవు. ధర్మవరానికి వెనక్కి పోయి రైలెక్కాలంటే ఇంట్లో పొయ్యి వెలిగించకుండానే బయలుదేరాలి. నాకు ఆ బస్సు ఒక్కటే ఉంది.

ఆ తర్వాత రోజూ ఒకే తంతు. ఊరు మొదట్లో మా బస్సు ఆగిపోయి ఉంటుంది. పక్కన కట్ట మీద రైలు వస్తుంది. ఒక పెట్టె కిటికీలన్నిటికీ ఎరుపు, పసుపు, నెమలికంఠం రంగు కొంగులు కట్టి ఉంటాయి. వాటి వెనక మావాళ్ల ముఖాలు. నా వాళ్లు. రైలక్క కిటికీలోంచి చెయ్యంతా బయటపెట్టి ఊపుతుంది. నేను డ్రైవరు ముందున్న దేవుడి పటం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. అంత భక్తిగా నేను ఆ పటాన్ని ఇంకెప్పుడూ చూడలేదు.

ఇంటికి పోగానే మా ఆయన మగ్గం గుంట గట్టు మీద కూర్చొని, మోకాలికి నూనె రాసుకుంటూ అడిగేవాడు.

"ఏమే, నీ సవతి కనపడిందా ఈ పొద్దు?"

"ఊరుకోండి."

"మొగుణ్ని ఎత్తుకపోతే ఇంత ఏడ్చవేమో. బస్సులో ఆడోళ్లను ఎత్తుకపోయినాదని ఏడుస్తాండావు."

పట్టు ధర పెరిగి, ఆర్డర్లు రాక ఆయన మగ్గం ఆగిపోయింది. ఇంటికి నా కొలువే ఆధారం. అయినా ఆయన నవ్వించేవాడు, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి. నవ్వు రానిది నాకే.

శుక్రవారాలు గుగ్గిళ్ల డబ్బా సగం అట్లాగే తిరిగి వచ్చేది. ఇదంతా ఆడవాళ్లకు బస్సు ఉచితం చేయకముందు మాట. టికెట్టు కొనేవాళ్లు తగ్గితే ట్రిప్పు నిలవదు. ఒక పొద్దు ఓబులేసు నా పక్కకు వచ్చి, చిల్లర వెతుకుతున్నట్టు సంచిలో చెయ్యి పెట్టి, మెల్లగా చెప్పాడు.

"యక్కా, ఈ ట్రిప్పు ఎత్తేస్తారేమో. కలెక్షన్ లేదు. రేపు శుక్రవారం డిపో నుంచి సారు బస్సులోనే వచ్చి చూస్తాడంట."

"ఎత్తేస్తే నేనెట్లా పోవల్లప్పా?"

"అదే నేనూ అనుకుంటాండా. ఆటోలో పోతే నీ జీతం ఆటోకే సరిపోతాది."

ఆ సాయంత్రం నేను దీపం ముందు కూర్చొని అడిగింది ఒక్కటే. స్వామీ, రేపు ఈ బస్సుకు మనుషులను పంపు. ఎవరినైనా పంపు. ఆ సారుకు ఏమి చెప్పాలో కూడా మనసులో పేర్చుకున్నాను. నేను బడికి పోలేదు. మా నాయన నేస్తూ నేస్తూ పక్కన పలక పెట్టి దిద్దించిన అక్షరాలే నావి. చదవమంటే ఏ పుస్తకమైనా చదువుతాను. పెద్దవాళ్ల ముందు నోరు విప్పమంటే మాత్రం నాకు చేతకాదు.

శుక్రవారం మా ఊళ్లో బస్సు ఆగింది. మెట్టు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ధర్మవరం ఆడవాళ్లంతా ఉన్నారు. రామాంజినమ్మ ఉంది. నాకు తెలియని ముఖాలు కూడా ఉన్నాయి. మధ్యలో, డిపో సారు పక్కన నిలబడి, ఆయన మోచేయి పట్టుకొని మాట్లాడుతోంది రైలక్క.

స్వామి నా మొర విన్నాడు. మనుషులను పంపాడు. ఆమెను ముందు పెట్టి పంపాడు. ఇంకెవరూ దొరకలేదా స్వామీ అనుకున్నాను.

"జరగండమ్మే, ఆయమ్మ ఎక్కుతాండాది" అని ఆమె అంటే, నా బస్సులో నాకు దారి వచ్చింది.

సారు ఆమె చేతిలోంచి మోచేయి మెల్లగా విడిపించుకుంటూ అడిగాడు. "ఏమ్మా, మీరు రోజూ రైల్లో పోతారంట కదా? ఈ పొద్దేమి మా మీద దయ?"

"పోతాను సార్. పట్టాలుండే చోట రైలుకు మించింది లేదు. మీరే చూడండి, మీ బస్సు ఊరి ముందర నిలబడి ఉంటాది, మేము దాటుకొని పోతాము."

"మరి బస్సెందుకు?"

"పట్టాలు లేని ఊర్లుండాయి కదా సార్. ఈ ట్రిప్పు ఎత్తేస్తే ఆ ఊర్లలో ఆడోళ్లు ఆటో ఎక్కుతారు. మొగోళ్లు కంతుల మీద బండ్లు కొంటారు. ఆ ఆటోలు, ఆ బండ్లు యాడికొస్తాయి? మీ బస్సుల ముందరికే వచ్చి అడ్డం నిలబడతాయి."

సారు నవ్వాడు. "నాకు తెలియంది కాదమ్మా. నాకు పైనుంచి అడిగేది మాత్రం టికెట్లే. వచ్చే శుక్రవారం కూడా వస్తారా?"

"వస్తాం, రాసుకోండి సార్."

నేను మనసులో పేర్చుకున్న మాటలన్నీ ఆమె చెప్పేసింది. నావి కొంచెం మర్యాదగా ఉండేవి, అంతే.

నా పక్కనే కూర్చుంది. కూర్చోగానే సంచిలోంచి కుంకుమరంగు చీర తీసి కొంగు ఒళ్లో పరిచింది. అలవాటు. వెంటనే, "ఛీ, ఇది రైలు కాదు కదా" అని మడవబోయింది. ఆ మాటకు నా ఒళ్లు మండింది. నా సంచిలోనూ ఒక చీర ఉంది. ఆమెకూ నాకూ పని ఇచ్చింది ఒకే అంగడివాళ్లు, ఒకే పెళ్లివాళ్ల చీరలు. అదే కుంకుమరంగు.

"బస్సులో కూడా కట్టొచ్చక్కా" అని నా కొంగు తీసి పరుచుకున్నాను.

"కట్టు చూస్తాం."

"నువ్వూ కట్టు."

ఇద్దరం కడుతూ వాదించుకున్నాం. రైలు గొప్పని ఆమె, బస్సు గొప్పని నేను. బస్సు ఇంటి ముందర ఆగుతుందని నేను. ఇంటి ముందర ఆగుతుంది, ఊరి ముందర కూడా ఆగుతుంది, అక్కడే ఆగిపోతుందని ఆమె. అంతలో అనంతపురం వచ్చింది, బస్సు నిలబడింది. చేతులు కుదురుగా సాగాయి.

"చూసినావా, ఎట్లా కుదురుతాండాయో!" అన్నాను.

"మా రైలు పోతాంటే కడతాం మే. మీ బస్సు నిలబడితే కడతారు" అంది.

అందరూ నవ్వారు. నేను తల వంచుకొని ముడిని గట్టిగా బిగించాను. ఇంకొకటి, ఇంకొకటి.

బస్టాండులో అందరూ దిగారు. నేను లేచాను. ఆమె కూడా లేచింది. నా చీర ఆమెను లాగింది. చూస్తే, భుజం భుజం ఆనించి కూర్చొని, వాదనలో పడి, ఒకరి పోగులు ఒకరం కలుపుకొని ముడులేసుకున్నాం. రెండు కొంగులూ ఒకటైపోయాయి. కోయడానికి లేదు. కోస్తే పోగు పొట్టిదైపోయి, ఆ చోట కొంగు బోసిగా ఉంటుంది. పెళ్లివాళ్ల చీరలు.

"దిగండమ్మా దిగండి, బండి తిప్పల్ల" అని వచ్చిన ఓబులేసు మమ్మల్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏమక్కా, మా బస్సులో కొంగుముడి వేసుకున్యారా ఇద్దరూ?"

"వేసుకున్యాం లేప్పా, అక్షింతలు తే" అంది ఆమె.

చీరలు చేతుల్లో పట్టుకొని, పక్కపక్కనే అడుగేస్తూ మెట్లు దిగాం. బస్టాండు బల్ల మీద కూర్చున్నాం. సూది నా దగ్గరుంది. ముడులు విప్పే పని నాకు పడింది. మాట్లాడే పని ఆమె తీసుకుంది. కొంతసేపు విని, ఉండబట్టలేక అడిగాను.

"అక్కా, నా కోసమని వచ్చినావా ఈ పొద్దు?"

"నీ కోసమేంది మే? రామాంజినమ్మ చెప్పినాది ట్రిప్పు పోతాదని. ఆ ట్రిప్పు మీద ఎన్ని ఊర్లుండాయి! నువ్వొక్కదానివేనా?"

కృతజ్ఞత చెప్పుకుందామనుకున్నదాన్ని, మళ్లీ సూదే అందుకున్నాను. ఆమె నా మోచేయి పట్టుకుంది.

"నీకు బస్సు కావల్ల, మాకు రైలు కావల్ల. దీంట్లో కోపం యాడుండాది?"

"నేను కోపమన్నానా?"

"రోజూ మొహం తిప్పుకొని పటం చూస్తావు కదా! కట్ట ఎత్తుమీద ఉంటాది మే, మాకు బాగా కనపడతాది."

నేను ముడి మీదకు వంగాను. ఆ ముడి నేనే బిగించింది, అందుకే అంత గట్టిగా ఉంది. ఇద్దరికీ ఆ రోజు అంగట్లో చీవాట్లు పడ్డాయి. సాయంత్రం చెబితే మా ఆయన, "ఇంగేమి, సవతి కాదు, నీ మొగుడే అయిపాయ" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ట్రిప్పు నిలబడింది. మాట ఇచ్చినట్టే ప్రతి శుక్రవారం ఆమె కొంతమందిని వంతులవారీగా పంపేది, తను కూడా అప్పుడప్పుడు వచ్చేది. నా గుగ్గిళ్ల డబ్బా ఖాళీ అయ్యేది. స్వామికి దండం పెట్టుకునేదాన్ని. కానీ నాకు తెలుసు, వాళ్లు వచ్చింది నా ప్రసాదానికి కాదు, నా నామాలకు కాదు. ఆమె పొమ్మంది కాబట్టి వచ్చారు.

తర్వాత ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేకుండా చేశారు. ఇప్పుడైనా అందరూ నా దగ్గరికి తిరిగి వస్తారనుకున్నాను. బస్సు నిండింది, కానీ కొత్తవాళ్లతో. ట్రిప్పుకు ఇక భయం లేదని తేలగానే ఆమె శుక్రవారాలు ఆపేసింది. మావాళ్లు మాత్రం టికెట్టు లేని నా బస్సును కాదని, సీజన్ టికెట్టు కొని ఆమె రైలెక్కారు.

ఓబులేసు కబురు చెప్పిన పొద్దు నేను తర్వాతి స్టాపులో దిగి, ఎదురు బస్సులో ధర్మవరం పోయాను. ఆమె ఇల్లున్న వీధిలోకి ఆటో పోలేదు, అంత జనం. అనంతపురం అంగళ్లలో పనిచేసే ఆడవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. ఆమె మణికట్టుకు పట్టుపోగులు అట్లాగే ఉన్నాయి, ఎవరూ తీయలేదు. దండం పెట్టాను. ఏడ్చాను. ఏడుస్తూనే చుట్టూ చూశాను. నేను పోయిననాడు ఇంతమంది వస్తారా అని అనిపించింది. అనిపించకుండా ఉంటే బాగుండేది.

మొన్న రామాంజినమ్మ కనపడింది. రైల్లో ఆ పెట్టెలో, ఆమె కూర్చునే కిటికీ పక్క చోటును ఇంకా ఎవరూ తీసుకోలేదట. సంచి పెట్టి పట్టి ఉంచుతున్నారట. తెలియనివాళ్లు వచ్చి కూర్చోబోతే, "అక్కడ మనిషి ఉండాది" అంటున్నారట. ధర్మవరం ప్యాసింజర్లో, పొద్దుటి పూట, కాలు పెట్టడానికి చోటు లేని పెట్టెలో. బతికున్న నాకు సీటు పట్టేవాళ్లు లేరు.

రోజూ తెల్లవారి దీపం వెలిగించాక, నాకు మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటాను. మా నాయనను, మా ఆయనను, ఓబులేసును, పేరు తెలియని ఆ డిపో సారును. ఆమె దగ్గరికి వచ్చేసరికి మనసు సాఫీగా పోదు. ఆమె వల్లనే ఆ బస్సు ఉంది, ఆ కొలువు ఉంది, ఈ దీపంలో నూనె ఉంది. అది తెలిసే తలుచుకుంటాను. తలుచుకోగానే మంట లేస్తుంది. పూజకు కోసిన పువ్వును మనం వాసన చూడం కదా, ముందే ఎంగిలైతే అది స్వామికి పనికిరాదని. ఇంత మంట కలిసిన తలపును ఆయన పాదాల దగ్గర ఎట్లా పెట్టేది? పెట్టకుండా ఎట్లా ఉండేది?

మీకు ఆమె ఎవరో తెలియదు. మీ నుంచి ఆమె ఎవరినీ తీసుకుపోలేదు. మీ మనసులో ఆమె మీద ఏ మంటా లేదు. మీకు వీలు చిక్కినప్పుడు, మీ దేవుడి ముందో, దేవుడు లేకపోతే ఊరికే కూర్చున్నప్పుడో, ఆమెను ఒక్కసారి తలుచుకోండి. నేను చేయలేకపోతున్నాను, నా బదులు మీరు చేయండి.